ఏటికెదురీదు పసిచేప ఏమి తినును?

ఏటికి ఎదురీదుట యనగా మన భాషలో కష్టమైన పని యని యర్థము. గోదావరి సీమవారికి ఈ మాట వినగానే పులస గుర్తుకు వచ్చును. ఎర్రనీరు వచ్చి సముద్రములో కలియు దినములలో పులస మొగ దాటి నదిలో ప్రవేశించును. ప్రవాహమునకు ఎదురుగా పోయి గ్రుడ్లు పెట్టును. అది పెరిగి పెద్దదైన చేప. సముద్రములో కడుపునిండ మేసి, ఒడలినిండ కొవ్వు నింపుకొని బయలుదేరును గనుక దారిలో తిండికై అంతగా వెదకుకొనదు.

ఇందుకు సరిగా తలక్రిందులైన జీవితము గడపు చేప మరియొకటి కలదు. అది మలుగు. పామువలె పొడవుగా, జారుడుగా నుండుటచే దానిని మలుగుపామనియు, పాముచేప యనియు నందురు. నిజమునకు అది పాము కాదు. మొప్పలును రెక్కలును గల చేపయే. పులస నదిలో పుట్టి సముద్రములో పెరుగును. మలుగు సముద్రములో పుట్టి నదిలో పెరుగును. కాబట్టి మలుగుల విషయములో ఏటికెదురీదు పని పెద్దలది కాదు, పిల్లలది. చూపుడువ్రేలంత పొడవు, అగ్గిపుల్లకంటె కొంచెము లావు గల పసిచేప, తల్లి తోడు లేక, దారి చూపువారు లేక, సముద్రమునుండి నదిలోనికి ఎక్కిపోవును. అంత చిన్న ప్రాణి అంత దూరము పోవునపుడు ఏమి తినును? ఎక్కడ తినును? ఈ ప్రసంగములో మేము విచారింపదలచినది ఈ చిన్న ప్రశ్నయే. దీని సమాధానము చేపలు పట్టువారికే గాక, నదులకు అడ్డుగా కట్టడములు కట్టుకొన్న మనకందరికిని తెలియదగినది.

లోకములో మంచినీటి మలుగు జాతులు పదునారింటికి పైగా నున్నవి. వానిలో శాస్త్రజ్ఞులు ఎక్కువగా పరిశీలించినది ఐరోపా మలుగు. అందుచే ముందుగా దాని కథ చెప్పి, పిదప మన నదుల మాటకు వత్తుము.

ఈ చేప ఎక్కడ పుట్టునో చాలకాలము ఎవరికిని తెలియదు. చెరువులలో, కాలువలలో వేలకొలది పెద్ద మలుగులు దొరకుచుండెడివి గాని, గ్రుడ్లతో నిండిన మలుగును ఎవరును చూడలేదు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ అవి బురదనుండియే పుట్టునని తలచెను. కడకు డెన్మార్కు దేశస్థుడు యోహానెస్ ష్మిట్ ఈ చిక్కు విప్పుటకు పూనుకొనెను. 1904లో ఫారో దీవులకు పడమటగా అతని వలలో మలుగు పిల్ల యొకటి పడెను. నాటినుండి అతడు అట్లాంటిక్ సముద్రములో వలలు వేయుచు, ఏ దిక్కునకు పోయినకొలది పిల్లలు మరింత చిన్నవిగా దొరకునో ఆ దిక్కునకు పోవుచుండెను. మిక్కిలి చిన్న పిల్లలు దొరకిన చోటు అమెరికాకు తూర్పుగా నున్న సర్గాసో సముద్రము. 1922లో అతడు ఈ సంగతిని లోకమునకు వెల్లడించెను. శరీరమునకు యంత్రములు కట్టిన పెద్ద మలుగులు అజోర్స్ దీవులనుండి ఈదుకొని పోయి ఆ సముద్రమునకు చేరినట్లు 2022లో ప్రకటింపబడిన పరిశోధన నిరూపించినది.

గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల చూచుటకు చేపవలె నుండదు. వేపాకువలె పలుచగా, బల్లపరుపుగా, అద్దమువలె పారదర్శకముగా నుండును. సముద్ర ప్రవాహములే దానిని మోసికొని వేలకొలది కిలోమీటర్లు ఐరోపా తీరమునకు చేర్చును. ఈ దశలో దాని తిండి మిక్కిలి విచిత్రమైనది. పై నీటిలో బ్రతికి చచ్చిన సూక్ష్మజీవుల తునుకలు, వానినుండి వెలువడిన జిగురు పదార్థములు కలిసి తెల్లని నలుసులై ఎల్లప్పుడు క్రిందికి దిగుచుండును. ఆ దృశ్యము మంచు కురియుచున్నట్లుండుటచే శాస్త్రజ్ఞులు దానికి సముద్రపు మంచు అని పేరు పెట్టినారు. ఆకువంటి మలుగు పిల్ల తన సూదిపండ్లతో ఆ నలుసులను ఏరుకొని తినునని నేటి పరిశోధకుల అభిప్రాయము. తిన్నదంతయు శరీరములో జిగురుగా, కొవ్వుగా నిలువ చేసికొనును. దూరప్రయాణమునకు పోవువారు చలిమిడి మూట కట్టుకొన్నట్లు అది ముందునాళ్ళకు మూట కట్టుకొనుచున్నదన్నమాట.

ఐరోపా తీరము సమీపించునప్పటికి ఆ మూట విప్పవలసిన సమయము వచ్చును. ఆకువంటి శరీరము క్రమముగా గుండ్రనై, పామువలె మారును. శరీరములోని నీరు తగ్గును. వింతయేమనగా, పెరుగవలసిన వయసులో పిల్ల పొడవు కూడ కొంత తరుగును. ముందుకు పొడుచుకొని యున్న సూదిపండ్లు రాలిపోవును. జీర్ణకోశము కొత్త రూపు దిద్దుకొనుచుండును. ఇల్లు కూల్చి కట్టుకొనుచున్న దినములలో పొయ్యి వెలుగనట్లే, ఈ మార్పు జరుగుచున్నన్నాళ్ళు పిల్ల ఏమియు తినదు. నిలువ చేసికొన్న జిగురు, కొవ్వులే దానికి ఆధారము. అప్పటికి దాని శరీరము ఇంకను పారదర్శకముగనే యుండును. చర్మము గుండ వెన్నెముక కనిపించును. అందుచే దీనికి గాజు మలుగు అని పేరు. పొడవు సుమారు 7 సెంటీమీటర్లు. తూకమునకు వేసినచో కిలోకు 3000 వరకు తూగును.

అనగా మన ప్రశ్నకు మొదటి సమాధానము ఇది: నది ముఖద్వారమునకు వచ్చి నిలుచునప్పటికి ఈ పసిచేప ఉపవాసములో నున్నది.

ఉపవాసములో నున్న ప్రాణి బలము వృథా చేసికొనరాదు. గాజు మలుగునకు ఆ పొదుపు తెలియును. మొగ దగ్గర సముద్రపు పోటు వచ్చినపుడు అది అడుగునుండి పైకి లేచి, ఆ నీటితోపాటు లోతట్టునకు పోవును. ఆటు మొదలు కాగానే అడుగునకు దిగి, ఇసుకలోనో రాళ్ళ సందులోనో దాగి యుండును. తిరిగి పోటు రాగానే మరల పైకి లేచును. తాను పోవలసిన దిక్కునకు పోవు బండి వచ్చినపుడే ఎక్కి, అది వెనుకకు మళ్ళుసరికి దిగిపోవు ప్రయాణికుని వంటిది. పున్నమికిని అమావాస్యకును పోట్లు ఎక్కువ గదా. ఇంగ్లండులోని సెవర్న్ నదీముఖమున పోటు ఎత్తు లోకములోనే పేరెన్నికగన్నది. అక్కడి జాలరులు వసంతకాలపు పెద్దపోట్ల రాత్రులలో దీపములు, చేతివలలు పట్టుకొని గట్టున కూర్చుండుట ఇందుకే.

మరి యిది పోటు, యిది ఆటు అని చీకటిలో పసిచేపకు ఎట్లు తెలియును? వాసనచేత. హాలండు శాస్త్రజ్ఞుడు క్రాయిట్స్‌బెర్గ్ 1959లో ప్రకటించిన ప్రయోగములలో, మలుగు పిల్లలు లోతట్టు భూములనుండి వచ్చు నీటిని గుర్తించినవి. అదే నీటిని బొగ్గుతో వడగట్టినప్పుడు గుర్తింపలేకపోయినవి. 1993లో ఇటలీ శాస్త్రజ్ఞులు ఆ వాసనలలో నొకదానిని పేరుతో సహా చూపినారు. దాని పేరు జియోస్మిన్. ఈ పేరు మనకు కొత్తదైనను ఆ వాసన కొత్తది కాదు. తొలకరి చినుకులు పడినప్పుడు నేలనుండి లేచు మట్టివాసనకు ముఖ్యకారణము ఈ పదార్థమే. మన రైతునకు ఏరువాకను గుర్తుచేయు ఆ వాసన, సముద్రములోని మలుగు పిల్లకు నది ఎటునున్నదో చెప్పుచున్నది.

ఇచ్చట మనము గమనింపదగినది యొకటి కలదు. మట్టిలోను, కుళ్ళుచున్న ఆకులలోను పనిచేయు సూక్ష్మజీవులు ఆ వాసనను పుట్టించును. ఆకులు కుళ్ళుచోట పురుగులుండును. పురుగులున్నచోట పసిచేపకు తిండి యుండును. కాబట్టి ఆ వాసనలో దారితోపాటు తిండి కబురు కూడ నున్నదనవచ్చును.

అయితే మొగకు వచ్చిన పిల్లలన్నియు నదినెక్కవు. ఫ్రాన్సులో జరిగిన పరిశోధనలలో, శరీరములో నిలువ బాగుగా నున్న పిల్లలు మంచినీటివైపు చురుకుగా పోవుటయు, బక్కచిక్కినవి ఉప్పునీటివైపు మొగ్గుటయు కనిపించినది. మూటలో మిగిలినది తక్కువైనచో దూరప్రయాణము మానుకొని, దగ్గరలోనే తిండి వెదకుకొనుట తెలివైన పనియే. అట్టివి కొన్ని నదీముఖములలోనే జీవితమంతయు గడపును.

నదిలో ప్రవేశించిన పిల్లలకు క్రమముగా రంగు వచ్చును. గాజువంటి శరీరము మొదట బూడిదవన్నెకు, తరువాత గోధుమవన్నెకు తిరుగును. కొత్త పండ్లు మొలచును. జీర్ణకోశము పనికి సిద్ధమగును. నీటి వేడిమి 10, 12 సెంటిగ్రేడు డిగ్రీలకు చేరువరకు అవి మందకొడిగా నుండును. అది దాటిన పిదప స్వశక్తితో ప్రవాహమునకు ఎదురీదసాగును. పోటు అందని చోట ఇక బండి లేదు, కాలినడకయే. ఆకలి మేలుకొనుటయు, నడక మొదలగుటయు ఇంచుమించుగా ఒక్కసారియే జరుగుట ప్రకృతిలోని పొందిక.

ఇప్పుడు వాని భోజనము సంగతి. పసిచేప నోరు మిక్కిలి చిన్నది. ఆ నోటిలో పట్టునదే దాని ఆహారము. పరిశోధకులు వాని కడుపులు పరీక్షించి చూచినపుడు తరచుగా కనిపించినవి ఇవి: దోమను పోలి యుండి, కుట్టని ఒకజాతి ఈగల పిల్లపురుగులు, ఎర్రని దారపు ముక్కలవలె బురదలో మెలికలు తిరుగునవి ఇవియే. అడుగుమట్టిలో నుండు సన్నని ఎర్రలు. రొయ్యకు దూరపు చుట్టములై, ఆవగింజకంటె చిన్నవిగా నీటిలో గంతులు వేయు ప్రాణులు. వానికంటె కొంచెము పెద్దవై, రాళ్ళక్రింద దాగు చిట్టిరొయ్యలవంటివి. రెక్కలు వచ్చిన పిదప ఒకటి రెండు దినములే బ్రతుకు ఈగల పిల్లలు, ఏటి అడుగున రాళ్ళను అంటిపెట్టుకొని యుండునవి. మలుగు పిల్ల నాచు తినదు, గడ్డి మేయదు, మట్టి మ్రింగదు. అది పుట్టుకతో మాంసాహారి. అందుచేతనే ఐరోపాలో మలుగులను పెంచు కేంద్రములవారు గాజు మలుగులకు మొదటి ముద్దగా కాడ్ అను సముద్రపు చేప గ్రుడ్లను పెట్టుట వాడుక.

భోజనవేళ రాత్రి. పగలు రాళ్ళక్రింద, వేళ్ళ సందులలో, మెత్తని బురదలో దాగి యుండి, చీకటి పడగానే బయటకు వచ్చును. కంటికంటె ముక్కు దానికి పెద్ద సహాయము. భోజనశాల ఎక్కడ? నది నడుమ కాదు. వడిగా పారు నడిమి నీటిలో పురుగు నిలువదు, పసిచేపయు నిలువలేదు. నీరు నెమ్మదించు ఒడ్డుదాపు, చెట్టు వేళ్ళు నీటిలోనికి దిగిన చోటు, రెల్లు, తుంగ పెరిగిన మడుగు, గులకరాళ్ళ అడుగు, నదికి కలియు చిన్న వాగు: ఇవియే వాని సత్రములు. ఈ సత్రములు వరుసగా నున్నచోట పిల్ల నేడు కొంత, రేపు కొంత తినుచు, బలము కూడగట్టుకొని పైకి పోవును. చలికాలము రాగానే తిండి మాని అడుగున ఒదిగి పడియుండి, మరుసటి వసంతమున మరల బయలుదేరును. ఈ ఎగువ ప్రయాణము ఒక్క పరుగులో ముగియునది కాదు. ఏండ్ల తరబడి సాగునది. పెరిగినకొలది నత్తలు, పెద్ద పురుగులు, రొయ్యలు, చిన్నచేపలు దాని ఆహారములో చేరును. నోటిలో పట్టని ఎర దొరకినచో దానిని గట్టిగా కరచి పట్టి, శరీరమును గిరగిర త్రిప్పి ముక్కను తెంపుకొనును.

మొగ దగ్గరనే తిండి యుండగా ఇంత దూరము పైకి పోవుట ఎందుకని మనకు సందేహము కలుగవచ్చును. మొగ దగ్గర పిల్లలు లక్షలుగా గుమిగూడును. అచ్చట తిండికి పోటీ ఎక్కువ. పెద్ద మలుగులు చిన్నవానిని తినుటయు కలదు. ఎగువకు పోయినకొలది జనము పలుచబడును, ఒక్కొక్క నోటికి వచ్చు పాలు పెరుగును. మరియొక ముఖ్యవిషయము: మలుగులు క్రిక్కిరిసి పెరిగిన చోట మగవి ఎక్కువగాను, పలుచగా పెరిగిన ఎగువ నీటిలో ఆడవి ఎక్కువగాను కనిపించును. ఆడమలుగు మగదానికంటె పెద్దదిగా పెరుగును. ఎంత పెద్దదైన అన్ని ఎక్కువ గ్రుడ్లు. కొన్ని ఏండ్లు, ఒక్కొక్కప్పుడు ఇరువది ఏండ్లకు పైగా నదిలో మేసి పెరిగిన పిదప అది వెండివన్నెకు మారి సముద్రమునకు తిరిగిపోవును. అప్పుడు మరల తిండి మానును, జీర్ణకోశము ముడుచుకొనిపోవును. సర్గాసో వరకు 5000 కిలోమీటర్లకు మించిన ఆ తిరుగు ప్రయాణమునకును, గ్రుడ్లకును కావలసినదంతయు నదిలో తిన్న తిండియే సమకూర్పవలెను. ఎగువ వాగులోని ఎర్రపురుగు సర్గాసో సముద్రములోని గ్రుడ్డుగా మారుచున్నదనుట అతిశయోక్తి కాదు.

ఇట్టి దారికి అడ్డముగా ఆనకట్ట లేచినప్పుడు జరుగునదేమి? పిల్లలు గోడ దిగువన గుంపులుగా చేరును. అక్కడి పురుగులు ఆ గుంపునకు చాలవు. కొంగలు, పెద్దచేపలు వచ్చి కాచుకొని యుండును. 10 సెంటీమీటర్లకు లోపున్న పిల్లలు తడిగోడను, పాచిని కరచుకొని నిలువుగా కూడ ఎగబ్రాకగలవు. గోడ నున్నగా పొడిగా నున్నచో ఆ విద్యయు పనిచేయదు. అందుచే ఐరోపాలో అనేక ఆనకట్టలకు ప్రక్కగా, కుంచె వెండ్రుకల వంటివి అమర్చిన వాలుబల్లలు కట్టి, వానిపై కొద్ది నీరు పారించి, పిల్లలు ఎక్కుటకు నిచ్చెనలు ఏర్పరచినారు.

ఉత్తర ఐర్లండులోని బాన్ నదిపై అడ్డంకుల దిగువన పిల్లలను పట్టి, బండ్లలో నే సరస్సునకు తరలించు ఏర్పాటు 1930 దశకమునుండి కలదు. ఆ సరస్సు బ్రిటిషు దీవులన్నిటిలోను పెద్దది. వేసవిలో దానిపై పొగమేఘములవలె లేచు కుట్టని ఈగలు ప్రసిద్ధములు. ఒడ్డున నుండువారికి అవి చికాకు కలిగించినను, వాని పిల్లపురుగులు సరస్సు అడుగున మలుగుల పాలిటి అన్నపురాశులు. 2023 వేసవిలో ఆ సరస్సు నీరు విషపు పాచితో పచ్చబడినప్పుడు జాలరులు కలవరపడుటకు కారణము ఇదియే. నిచ్చెన వేసి, బండి యెక్కించి తీసికొనిపోయినను, చేరిన చోట నీరు చెడి పురుగు కరవైనచో పిల్లకు ప్రయోజనము లేదు.

ఐరోపా మలుగు నేడు నిజముగా అపాయములో నున్నది. 1960నుండి 1979వరకు తీరమునకు వచ్చిన పిల్లల సగటుతో పోల్చి చూచినచో, ఉత్తర సముద్ర తీరమునకు ఇటీవల వచ్చుచున్నవి నూటికి ఒకటికి అటు ఇటుగా మాత్రమే. తక్కిన ఐరోపా తీరములకు సుమారు పదోవంతు. అతివేట, నదులకు అడ్డుకట్టలు, కలుషితమైన నీరు, 1980 దశకమున ఐరోపాకు వచ్చిన ఒక పరాన్నజీవి, సముద్రములోని మార్పులు, ఇన్నియు కలిసి ఈ నష్టమునకు కారణములు. 2007లో ఐరోపా సమాఖ్య చట్టము చేసి, మనుష్యుల జోక్యము లేనినాడు సముద్రమునకు తిరిగిపోదగిన పెద్ద మలుగులలో తూకమునుబట్టి నూటికి 40 పాళ్ళైనను తప్పించుకొని పోవునట్లు చూడవలెనని సభ్యరాజ్యములను ఆదేశించినది. 2008నుండి ఆ జాతి, పూర్తిగా నశించు అపాయము మిక్కిలి దగ్గరగా నున్నవాని పట్టికలో నున్నది.

ఇక మన నదుల మాట. హిందూ మహాసముద్రమున పుట్టి నదులనెక్కు మలుగు జాతులు మన గోదావరి, కృష్ణలలో కలవు. పొడమచ్చలు గల పెద్దమలుగు వానిలో నొకటి. మనము ఇష్టపడు నీలకంఠపు రొయ్య కథయు ఇట్టిదే: తల్లి ఉప్పునీరు కలియు చోటికి దిగివచ్చి పిల్లలను విడుచును, ఆ పిల్లలు ఒడ్డు వెంట ఎదురీది మంచినీటికి ఎక్కును. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. కృష్ణపై బెజవాడ దగ్గర 1855లో ఆనకట్టయు, దాని స్థానమున 1957లో ప్రకాశం బారేజియు వెలసినవి. ఈ కట్టడములు డెల్టాలకు అన్నము పెట్టినవి. వానిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. మన కంచములోనికి అన్నము వచ్చిన దారిలోనే పసిచేప తిండికి పోవు దారి కూడ నున్నదని గుర్తుచేయుట మాత్రమే మా ఉద్దేశము.

గోడ ప్రక్కన తడిసిన గరుకు వాలు నొకటి అమర్చుట పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. దానికంటె తేలికగా కనిపించి, నిజమునకు కష్టమైనది ఒడ్డును కాపాడుట. ఇసుక తోడి, రెల్లు నరికి, వాగు పూడ్చి, మురుగునీరు వదలినచో, అందులో పోయినది మనము పేరు కూడ పెట్టని పురుగులే. ఆ పురుగులతోపాటు, వానిని నమ్ముకొని సముద్రమునుండి ఉపవాసముతో వచ్చిన పసిచేపయు పోవును. నదిలో నీరున్నంత మాత్రమున చాలదు. ఆ నీటి ఒడ్డున బురదయు, నీడయు, పురుగును ఉండవలెను.